మంచిదా చెడ్డదా అని కాదు, ఏ కణంలో అని అడగండి

క్యాన్సర్ మీద వచ్చే సమీక్షా వ్యాసాల్లో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ఎడమ వైపు మైక్రోఆర్ఎన్ఏల (ప్రొటీన్ల తయారీని తగ్గించే బుల్లి ఆర్ఎన్ఏల) పేర్లు, మధ్యలో అవి అణిచే జన్యువులు, కుడి చివర ఒక గడిలో ఒకే ఒక్క తీర్పు: కణితిని పెంచేది, లేదా కణితిని అణిచేది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో రోగనిరోధక రిసెప్టర్లను (సంకేతాలు అందుకునే ప్రొటీన్లను) మైక్రోఆర్ఎన్ఏలు ఎలా అదుపు చేస్తాయన్న విషయం మీద ఇలాంటి పట్టికలు చదవడం నా ఉద్యోగంలో భాగం. ఆ కుడి చివరి గడిని చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అందులో రాసింది అబద్ధమని కాదు. ఏ కణంలో చూసి రాశారో చెప్పకుండా రాస్తారు, అదీ బాధ. మెలనోమా గడ్డ అంటే ఒక్క రకం కణాల ముద్ద కాదు కదా. అందులో క్యాన్సర్ కణాలున్నాయి, వాటిని చంపడానికి వచ్చిన టీ కణాలున్నాయి, ఎన్‌కే కణాలున్నాయి, ఎటువైపున్నాయో తేలని మోనోసైట్లనే తెల్ల రక్తకణాలున్నాయి. ఒకే మైక్రోఆర్ఎన్ఏ వీటన్నిట్లోనూ ఉండొచ్చు. ఒక దాంట్లో చేసే పనికీ ఇంకో దాంట్లో చేసే పనికీ పొంతన ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

ముందు కొంచెం నేపథ్యం. తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ప్రయోగశాలలు మిల్లీమీటరు పొడవు కూడా సరిగ్గా ఉండని ఒక పురుగులో లిన్-4 అనే బుల్లి ఆర్ఎన్ఏ సంగతి తేల్చాయి. దానినుంచి ప్రొటీన్ ఏదీ తయారు కాదు. అది వెళ్లి లిన్-14 అనే ఇంకో జన్యువు తాలూకు మెసెంజర్ ఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు సమాచారాన్ని మోసుకెళ్లేది) చివరి భాగానికి అతుక్కుని ఆ ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. పురుగుల గొడవ మనకెందుకులే అని చాలామంది ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. 2000లో లెట్-7 దొరికి, అది పురుగు నుంచి మనిషి దాకా ఉందని తెలిశాక అందరూ ఇటు తిరిగారు. 2002లో కార్లో క్రోచే బృందం ఒక రకం రక్త క్యాన్సర్‌లో మిర్-15, మిర్-16 (మిర్ అంటే మైక్రోఆర్ఎన్ఏకు పొట్టి పేరు) జన్యువులున్న చోటు తరచుగా ఊడిపోయి ఉంటోందని చూపించింది, క్యాన్సర్‌తో ముడి పడింది. ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

మైక్రోఆర్ఎన్ఏ పొడవు సుమారు 22 అక్షరాలు. ఆర్గోనాట్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని తిరుగుతుంది. లక్ష్యాన్ని గుర్తు పట్టడానికి ప్రధానంగా రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా సరిపోతే చాలు. ఏడు అక్షరాల గుర్తు అంటే వేల మెసెంజర్ల మీద ఎక్కడో ఒకచోట తగలక మానదు. అందుకే ఒక్కొక్క మైక్రోఆర్ఎన్ఏకు వందల లక్ష్యాలు. మరి ఒక్కో లక్ష్యం మీద దాని ప్రభావం ఎంత? 2008లో రెండు బృందాలు వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచి చూశాయి. చాలావాటి మీద తగ్గుదల సగానికి కూడా చేరలేదు. ఇది ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి వ్యవహారం: ఐదులో ఉన్నదాన్ని నాలుగుకు తెస్తుంది, ఫ్యాన్ ఆపదు. పట్టికల్లో మాత్రం ప్రతి గీతా స్విచ్ నొక్కినట్టే గీస్తారు.

ఇక మెలనోమా దగ్గరికి వద్దాం. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లలో పుట్టే ఈ క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకితే ఒకప్పుడు సగం మంది ఏడాది కూడా బతికేవారు కాదు. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అమెరికాలో అనుమతి పొందాక కథ మారింది. మొదటిది టీ కణం మీది సీటీఎల్ఏ-4 రిసెప్టర్‌ను, మిగతా రెండూ పీడీ-1 రిసెప్టర్‌ను అడ్డుకుంటాయి. ఈ రెండు రిసెప్టర్లూ టీ కణానికి బ్రేకుల్లాంటివి. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చిన చెక్‌మేట్ 067 పరీక్షలో ఐదేళ్ల తర్వాత 52 శాతం మంది బతికి ఉన్నారు. ఇంత బాగా పనిచేసే మందులున్నా మిగతా సగం మందిలో ఎందుకు పనిచేయడం లేదన్నదే అందరి తలనొప్పి. జవాబు వెతుకుతూ జనం మైక్రోఆర్ఎన్ఏల దాకా వచ్చారు. పీడీ-1, దానికి జత అయిన పీడీ-ఎల్1, ఎన్‌కే కణాల మీది ఎన్‌కేజీ2డీ, సూక్ష్మజీవుల ఆనవాళ్లు పసిగట్టే టోల్ రిసెప్టర్లు, అన్నిటి వెనకా ఏదో ఒక మైక్రోఆర్ఎన్ఏ కనిపించింది. కనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నా వాదనకు మిర్-34ఏని మించిన ఉదాహరణ దొరకదు. కణం డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు పీ53 అనే కాపలా ప్రొటీన్ మేల్కొంటుంది. అది తన పనుల్లో భాగంగా మిర్-34ఏ తయారీని పెంచుతుంది. ఈ సంగతి 2007లో అనేక ప్రయోగశాలలు ఒకేసారి బయటపెట్టాయి. కణ విభజనను ఆపుతుంది, కణాన్ని ఆత్మహత్య వైపు నెడుతుంది. ఆ లెక్కన పట్టిక కుడి గడిలో "అణిచేది" అని బంగారు అక్షరాలతో రాయాల్సిన పేరు. తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇంకో సుగుణం తేలింది: ఇది పీడీ-ఎల్1 మెసెంజర్ చివరి భాగానికి అతుక్కుని ఆ ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. పీడీ-ఎల్1 తగ్గితే టీ కణాల మీది పీడీ-1కి "ఆగు" అని చెప్పే గొంతు తగ్గినట్టే. ఎలుకల్లో మిర్-34ఏకి కృత్రిమంగా తయారు చేసిన నకలును ఎక్కిస్తే గడ్డలోకి, క్యాన్సర్ కణాలను చంపే సీడీ8 రకం టీ కణాలు ఎక్కువగా వచ్చాయి కూడా. ఇంకేం కావాలి?

ఇక్కడే మెలనోమా మీద 2012లో వచ్చిన ఒక పరిశోధనను గుర్తు చేయాలి. ఎన్‌కే కణాలు క్యాన్సర్ కణాన్ని పసిగట్టే దారుల్లో ముఖ్యమైనది ఎన్‌కేజీ2డీ రిసెప్టర్. క్యాన్సర్ కణం ఒత్తిడిలో ఉన్నప్పుడు దాని పైపొర మీద యూఎల్‌బీపీ2 లాంటి ప్రొటీన్లు మొలుస్తాయి. ఎన్‌కేజీ2డీ వాటిని పట్టుకుంటే ఎన్‌కే కణం దాడికి దిగుతుంది. మిర్-34ఏ, దాని తోబుట్టువు మిర్-34సీ రెండూ ఈ యూఎల్‌బీపీ2 మెసెంజర్‌కే అతుక్కుని దాన్ని తగ్గిస్తాయని ఆ పరిశోధన చూపించింది. పీ53ని మేల్కొలిపే నట్లిన్-3ఏ అనే రసాయనం ఇస్తే మిర్-34 పెరిగింది, కణం పైన యూఎల్‌బీపీ2 తగ్గింది. అంటే విభజనను ఆపే అదే అణువు, టీ కణానికి దారి ఇచ్చే అదే అణువు, ఎన్‌కే కణం కళ్లకు గంతలు కడుతోంది.

ఇప్పుడు కుడి గడిలో ఏం రాస్తారు?

ఇంకో మెలిక కూడా ఉంది. యూఎల్‌బీపీ2 కణం పైన అంటుకుని ఉంటేనే ఎన్‌కే కణానికి పిలుపు. అది తెగి రక్తంలో కలిస్తే, తేలుతూ పోయి ఎన్‌కేజీ2డీకి అడ్డం పడుతుంది. మెలనోమా రోగుల రక్తంలో ఈ తెగిన యూఎల్‌బీపీ2 ఎక్కువగా ఉంటే రోగం ముదిరే సూచన అని 2009లోనే వచ్చింది. కాబట్టి యూఎల్‌బీపీ2ని తగ్గించడం ఒక రోగిలో నష్టం, ఎక్కువగా తెంపుకుంటున్న ఇంకో రోగిలో బహుశా లాభం. నేను మిర్-34ఏని చెడ్డదాని కింద మార్చమని అడగడం లేదు. ఆ గడినే తీసేయమంటున్నాను.

ఈ గొడవంతా కాగితాల మీదే ఉండిపోయి ఉంటే పెద్దగా పట్టించుకోవాల్సిన పని లేకపోయేది. కానీ మిర్-34ఏ మనుషుల దాకా వెళ్లింది. మిర్నా థెరప్యూటిక్స్ అనే టెక్సస్ కంపెనీ మిర్-34ఏ నకలును కొవ్వు బుడగల్లో పెట్టి ఎంఆర్‌ఎక్స్34 అన్న పేరుతో 2013లో మొదటి దశ పరీక్ష మొదలుపెట్టింది. క్యాన్సర్‌లో ఒక మైక్రోఆర్ఎన్ఏ నకలును మనుషులకు ఇవ్వడం అదే మొదలు. రకరకాల గడ్డలున్న 85 మంది చేరారు. ముగ్గురిలో గడ్డలు చెప్పుకోదగ్గ మేరకు కుంచించుకుపోయాయి. అందులో ఒకరిది ఎక్రల్ మెలనోమా, అంటే అరిచేతుల్లో, అరికాళ్లలో, గోళ్ల కింద వచ్చే రకం. ఇంకోవైపు రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం వల్ల వచ్చిన తీవ్ర దుష్ప్రభావాలతో నలుగురు చనిపోయారు. 2016లో పరీక్ష ఆపేశారు.

ఎందుకలా జరిగిందన్నది ఇప్పటికీ వాదోపవాదాల్లోనే ఉంది. కొవ్వు బుడగలే కారణమని కొందరు, జంట పోగుల ఆర్ఎన్ఏను కణంలోని కాపలా రిసెప్టర్లు వైరస్ అనుకుని ఉంటాయని కొందరు. నాకు మాత్రం ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రక్తంలోకి ఎక్కించిన బుడగలు గడ్డ దగ్గరికే పోవు. తెల్ల రక్తకణాల్లోకీ పోతాయి. మిర్-34ఏ క్యాన్సర్ కణంలో ఏం చేస్తుందో వందల పరిశోధనలున్నాయి. మోనోసైట్‌లో, టీ కణంలో, అదీ సహజంగా ఉండే దానికి ఎన్నో రెట్లు ఒక్కసారిగా వచ్చి పడితే ఏం చేస్తుందన్న దాని మీద అప్పటికి ఉన్నది చాలా తక్కువ. "కణితిని అణిచేది" అన్న పేరు దొరికాక ఆ ప్రశ్న వెనక్కి పోయింది.

ఈ పేర్లు ఎలా పుడతాయో దగ్గరగా చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. తెల్ల ప్లాస్టిక్ ప్లేటు, అందులో 96 గుంటలు. ప్రతి గుంటలో హెక్-293 కణాలు. ఇవి పిండ దశలోని మూత్రపిండం నుంచి వచ్చినవి, మెలనోమాతో చుట్టరికం లేదు. మిణుగురు పురుగు వెలుగునిచ్చే లూసిఫరేజ్ జన్యువు తోకకు, మనం అనుమానించే మెసెంజర్ చివరి భాగాన్ని అతికిస్తాం. దాన్నీ, మైక్రోఆర్ఎన్ఏ నకలునూ కలిపి కణాల్లోకి పంపిస్తాం. రెండు రోజులకు కణాలను చిదిపి ద్రావణం పోసి యంత్రంలో పెడితే గుంట గుంటకూ వెలుగు లెక్క వస్తుంది. మామూలు గుంటలో 100 ఉంటే నకలు వేసిన గుంటలో 60, 70. గుర్తు పట్టే ఏడక్షరాల్లో రెండు మూడు మార్చేస్తే మళ్లీ 100 దగ్గరికి. పక్కపక్కన రెండు కడ్డీల బొమ్మ, పైన, తేడా కాకతాళీయం కాదని చెప్పే నక్షత్రం గుర్తు. పేపరు సిద్ధం.

నేనూ ఈ ప్రయోగం చేసేదాన్నే, దాని మీద నాకు పగ లేదు. ఈ ఏడక్షరాలు ఈ చోట అతుక్కోగలవా అన్న ప్రశ్నకు ఇంతకంటే శుభ్రమైన జవాబు లేదు. కానీ అతుక్కోగలదా అన్నది వేరు, రోగి గడ్డలో అతుక్కుంటోందా అన్నది వేరు. ఆ గుంటలో నకలు ఎంత పోస్తామో తలచుకుంటే నవ్వొస్తుంది. కణంలోని ఆర్గోనాట్లన్నిటినీ అదే ఆక్రమించేస్తుంది. అక్కడ కనిపించిన 40 శాతం తగ్గుదలను తెచ్చి, మెలనోమా పీడీ-ఎల్1 మీద తీర్పు రాసేస్తాం. పైగా పేర్ల సంఖ్య కూడా ఉబ్బిపోయింది. మిర్‌బేస్ జాబితాలో మనిషికి 1,900 పైచిలుకు మైక్రోఆర్ఎన్ఏ జన్యువులున్నాయి. గట్టి ఆధారాలున్నవే ఉంచే మిర్‌జీన్‌డీబీ జాబితా చూస్తే అందులో మూడో వంతు దరిదాపుల్లోనే మిగులుతాయి. పట్టికల్లో తరచుగా కనిపించే నాలుగంకెల పేర్లలో చాలావాటి మీద నాకు నమ్మకం లేదు.

మిర్-155 కథ ఇంకో రకం. సీడీ8 టీ కణం తన రిసెప్టర్‌తో క్యాన్సర్ ముక్కను పట్టుకున్నప్పుడు ఆ పట్టు ఎంత గట్టిగా ఉంటే మిర్-155 అంత పెరుగుతుంది. అది సాక్స్-1, షిప్-1 అనే బ్రేకు ప్రొటీన్లను తగ్గిస్తుంది, టీ కణం జోరందుకుంటుంది. ఇది లేని టీ కణాలు ఎలుకల్లో గడ్డను సరిగ్గా ఎదుర్కోలేవని 2013లో తేలింది. మెలనోమా రోగుల టీ కణాల్లోనూ ఇది ఎక్కువగా ఉండటం మంచి సూచనగానే కనిపించింది. ఇప్పుడు ఇటలీలోని మిలాన్ నుంచి 2018లో వచ్చిన పరిశోధన చూడండి. మెలనోమా కణాలు బయటికి వదిలే సూక్ష్మ బుడగలు మామూలు మోనోసైట్లను టీ కణాలను తొక్కిపెట్టే కణాలుగా మార్చేస్తున్నాయి. అలా మారిన మోనోసైట్లలో పెరిగిన మైక్రోఆర్ఎన్ఏల జాబితాలో మిర్-155 ఉంది, మిర్-146ఏ ఉంది, మిర్-125బీ, మిర్-100, లెట్-7ఈ కూడా ఉన్నాయి. రోగుల ప్లాస్మాలో ఈ గుంపు ఎక్కువగా ఉంటే ఇపిలిముమాబ్, నివోలుమాబ్ పనిచేయకపోయే అవకాశం ఎక్కువ. టీ కణంలో సైనికుడు, మోనోసైట్‌లో ద్రోహి. మిర్-155 అక్షరాలు మాత్రం రెండు చోట్లా అవే.

మిర్-146ఏ అసలు టోల్ రిసెప్టర్ల కథలోంచి వచ్చింది. బ్యాక్టీరియా ముక్క టోల్-4కు తగలగానే కణం మంటను రగిలిస్తుంది. కాసేపటికి మిర్-146ఏ పెరిగి, ఆ రిసెప్టర్ కింద పనిచేసే ట్రాఫ్6, ఐరాక్1 అనే ప్రొటీన్లను తగ్గించి మంటను చల్లారుస్తుంది. 2006లో డేవిడ్ బాల్టిమోర్ బృందం ఈ సంగతి చెప్పింది. మెలనోమాలో 2019 పరిశోధన ప్రకారం మిర్-146ఏ లేని ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి, క్యాన్సర్ పాకడమూ తగ్గింది. వాటి టీ కణాల్లో రోగనిరోధక దాడికి తోడ్పడే స్టాట్1, ఇంటర్‌ఫెరాన్ గామా ఎక్కువగా ఉన్నాయి. నాకు నచ్చినదేమిటంటే, ఆ రచయితలు చిక్కును దాచలేదు. అదే ఇంటర్‌ఫెరాన్ గామా మెలనోమా కణాల మీద పీడీ-ఎల్1ను పెంచుతోందని కూడా వాళ్లే రాశారు. అందుకే మిర్-146ఏని అడ్డుకునే అణువును పీడీ-1 మందుతో కలిపి ఇచ్చి చూశారు, ఒక్క పీడీ-1 మందు కంటే బాగా పనిచేసింది. మరి మిర్-146ఏని అణిచేద్దామా? పుట్టుకతోనే అది లేని ఎలుకలు వయసు మళ్లేసరికి తమ శరీరం మీదే దాడి చేసుకునే జబ్బులతో, రక్తకణాల గడ్డలతో తీసుకుంటాయని 2011లోనే వచ్చింది. కొన్ని వారాలు తగ్గించడమూ, ఉన్నన్నాళ్లూ లేకపోవడమూ ఒకటి కాదనుకోండి. అయినా ఆ రెండో వాక్యం లేకుండా మొదటి వాక్యం రాయకూడదు.

నాతో వాదించేవాళ్లు ఒక మాట అంటారు: "కారణం తెలియకపోతేనేం, రోగి రక్తంలో కొలిచి మందు పనిచేస్తుందో లేదో ముందే చెప్పగలిగితే చాలదా?" ఈ మాటలో బలముంది, ఒప్పుకుంటాను. మిలాన్ పరిశోధనను నేను గౌరవించేది అందుకే. జోస్యం చెప్పడానికి కుడి గడి అక్కర్లేదు, కొలత నిలకడగా ఉంటే చాలు. రక్తం తీశాక ఎర్ర కణాలు పగిలితేనే కొన్ని మైక్రోఆర్ఎన్ఏల లెక్క తారుమారవుతుంది కాబట్టి ఆ నిలకడ సాధించడం మాటలు కాదు. కానీ కొలవడానికి పనికొచ్చింది కాబట్టి మందుగా కూడా పనికొస్తుందని దూకడం దగ్గరే నా పేచీ. నోబెల్ వచ్చిన కొత్తలో తెలుగు యూట్యూబ్ చానళ్లన్నీ చేసింది ఆ దూకుడే. నిజానికి ఇన్నేళ్లయినా మైక్రోఆర్ఎన్ఏ నకలు గానీ, దాన్ని అడ్డుకునే అణువు గానీ మందుగా ఒక్కటీ మార్కెట్‌కు రాలేదు. దీని సోదర పద్ధతి అయిన ఎస్‌ఐఆర్ఎన్ఏ మందులు 2018 నుంచి వస్తున్నాయి. అవి ఒక్క జన్యువునే గురి పెట్టేలా తయారు చేసినవి, ఎక్కువగా కాలేయానికే చేరేవి. ఏ కణం అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర ముందే జవాబుంది.

క్యాన్సర్ కణానికి మైక్రోఆర్ఎన్ఏ పట్టునుంచి తప్పించుకునే మొరటు దారి కూడా ఒకటుంది. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు వయోజనుల టీ కణ లుకేమియాలో, ఇంకొన్ని క్యాన్సర్లలో పీడీ-ఎల్1 జన్యువు చివరి భాగమే తెగిపోయి ఉండటం చూశారు. మైక్రోఆర్ఎన్ఏ అతుక్కునే చోటు లేదు, మెసెంజర్‌ను త్వరగా కరిగించే ఇతర గుర్తులూ లేవు, పీడీ-ఎల్1 కట్టలు తెంచుకుంది. అలాంటి గడ్డలోకి ఎంత మిర్-34ఏ పోసినా పీడీ-ఎల్1 వరకు ప్రయోజనం సున్నా.

మనవాళ్లకు ఇందులో సంబంధం ఎక్కడంటే ఆ ఎక్రల్ రకం దగ్గర. ముదురు చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా మొత్తంగా అరుదే, కానీ వచ్చినవాటిలో ఎక్రల్ వాటా ఎక్కువ. ఎండతో దానికి పెద్దగా పని లేదు. అరికాలి మీద నల్ల మచ్చ కనబడితే ఆనెకాయ అనుకుని బ్లేడుతో గీసుకోవడం, గోరు కింద నల్ల చార వస్తే దెబ్బ తగిలిందనుకోవడం మామూలే. చూపించుకునేసరికి ఆలస్యమవుతుంది. తెల్ల చర్మపు మెలనోమాల్లో సగం దాకా కనిపించే బీరాఫ్ జన్యువు మార్పు ఇందులో తక్కువ, డీఎన్ఏ మార్పుల మొత్తం సంఖ్యా తక్కువ, పీడీ-1 మందులకు స్పందనా అంతంత మాత్రమే. నేను పైన చెప్పిన మైక్రోఆర్ఎన్ఏ ఫలితాల్లో అత్యధికం యూరప్, అమెరికా రోగుల నుంచో, ఎలుకల నుంచో, అక్కడి ప్రయోగశాలల్లో పెంచుతూ వచ్చే కణ వరసల నుంచో వచ్చినవి. ఎంఆర్‌ఎక్స్34కు స్పందించిన ఆ ఒక్క ఎక్రల్ రోగి గడ్డలో మిర్-34ఏ ఏ కణంలో దిగి ఏం చేసిందో తెలిసి ఉంటే మనకు ఎంత ఉపయోగమో ఆలోచించండి.

అది తెలుసుకోవడం కూడా అంత తేలిక కాదు. ఈ రోజుల్లో ఒక్కో కణాన్ని విడదీసి అందులోని ఆర్ఎన్ఏ చదివే యంత్రాలు పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలల్లో కూడా ఉన్నాయి. వాటిలో మామూలుగా వాడే కిట్లు మెసెంజర్ ఆర్ఎన్ఏ చివర వరసగా ఉండే 'ఏ' (A) అనే అక్షరాల తోకను పట్టుకుని లాగుతాయి. మైక్రోఆర్ఎన్ఏకు ఆ తోక లేదు, కాబట్టి వలలోంచి జారిపోతుంది. లక్షల కణాలను కొలిచిన మెలనోమా పటాల్లో మైక్రోఆర్ఎన్ఏలు కనబడకపోవడానికి కారణం ఇదే. కనబడనిదాన్ని వెతకడానికి పాత పద్ధతి ఉంది: మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కను పల్చగా కోసి, మిర్-34ఏకి జతపడే చిన్న మెరుపు పోగును అంటించి, పక్కనే సీడీ8కీ మోనోసైట్లకీ వేరే రంగులు వేసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో కణం చూసుకుంటూ పోవడం. నెమ్మదైన పని, ఒక స్లైడుకు పూట పడుతుంది, పెద్ద పత్రికల్లో అచ్చయ్యే పని కూడా కాదు. మన ఆసుపత్రుల పాథాలజీ విభాగాల బీరువాల్లో అరికాలి మెలనోమా మైనపు దిమ్మలు ఏళ్లుగా ఉన్నాయి. మొదలుపెట్టడానికి కావలసిన ముడిసరుకు అదే.